స్టైల్‌షీట్‌లో ప్రమాణం, పొడిగింపు: తెలుగు డిజిటల్ పరిష్కరణల దృష్టితో ఒక విమర్శ

ఒక ప్రాచీన గ్రంథాన్ని పరిష్కరించి ప్రకటించేటప్పుడు పరిష్కర్త చేసే నిర్ణయాలలో కొన్ని పాఠంలో కనిపిస్తాయి, కొన్ని పీఠికలో కనిపిస్తాయి, మరికొన్ని ఎక్కడా చెప్పకుండానే గ్రంథపు అమరికలో ఇమిడిపోతాయి. పద్యాల అకారాది సూచికలో అరసున్న గల మాటను ఎక్కడ చేర్చారు, పాఠాంతరాలను పుట అడుగున ఇచ్చారా గ్రంథాంతంలో ఇచ్చారా, పద్యసంఖ్య ఆశ్వాసానికి ఆశ్వాసం మళ్లీ మొదలవుతుందా అనేవి ఈ మూడో రకానికి చెందినవి. అచ్చుపుస్తకంలో ఈ నిర్ణయాలు కాగితంమీద స్థిరపడి ఉంటాయి. వందేళ్ల తరువాతి పాఠకుడు కూడా వాటిని చూసి పరిష్కర్త ఉద్దేశాన్ని ఊహించుకోగలడు. డిజిటల్ పరిష్కరణకు ఆ స్థిరత్వం లేదు. అక్కడ పాఠం ఒక ఫైలులో ఉంటుంది, ఆ పాఠాన్ని పుటగా మార్చే ఆదేశాలు వేరొక ఫైలులో ఉంటాయి. ఈ రెండో ఫైలునే స్టైల్‌షీట్ అంటారు. పాఠకుడు చూసే పుట ఈ రెండింటి కలయికవల్ల, మూడోదైన ఒక ప్రాసెసర్ ద్వారా, చదివిన ప్రతిసారీ కొత్తగా తయారు కావచ్చు.

అందువల్ల స్టైల్‌షీట్‌ను కేవలం సాంకేతిక సామగ్రిగా భావించి కంప్యూటరు నిపుణునికి అప్పగించడం తగదని, అది పరిష్కరణలో భాగమైన రచన అని, దానినీ పీఠికను చదివినంత శ్రద్ధతో విమర్శించవలసి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ విమర్శలో మొదట ఎదురయ్యే ప్రశ్న ప్రమాణానికి, పొడిగింపుకు మధ్యగల సంబంధం. ఎక్స్‌టెన్షన్ అని వ్యవహరించే పొడిగింపు అంటే ప్రమాణంలో లేని సౌకర్యాన్ని ఒక తయారీసంస్థ తన ప్రాసెసర్‌లో మాత్రమే కల్పించడం. దీనిపై రెండు వాదాలు వినిపిస్తాయి. పొడిగింపు వాడితే గ్రంథం ఆ సంస్థకు బందీ అవుతుంది కనుక ఎన్నడూ వాడరాదన్నది ఒకటి. పని జరిగితే చాలు, ప్రమాణం పుస్తకాలలో ఉంటే చాలన్నది రెండవది. రెండవ వాదం పరిష్కరణ ధర్మానికి విరుద్ధమని వేరుగా నిరూపించనక్కరలేదు. చర్చించవలసింది మొదటి వాదాన్నే. ప్రమాణాన్ని అక్షరాలా పాటించిన స్టైల్‌షీట్ కూడా రెండు ప్రాసెసర్లలో రెండు వేర్వేరు సూచికలను ఇవ్వగలదు. తెలుగు విషయంలో ఈ ప్రమాదం ఊహామాత్రం కాదు.

ప్రమాణ చరిత్రను ఇక్కడ అవసరమైనంత మేరకే చూద్దాం. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌జీఎంఎల్‌ను సరళం చేయగా 1998 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎంఎల్ 1.0 వెలువడింది. ఎక్స్‌ఎంఎల్ పాఠాన్ని వేరొక రూపంలోకి మార్చే భాషే ఎక్స్‌ఎస్‌ఎల్‌టి. దాని 1.0 ప్రమాణం జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో 1999 నవంబరు 16న, 2.0 ప్రమాణం మైఖేల్ కే సంపాదకత్వంలో 2007 జనవరిలో, 3.0 ప్రమాణం ఆయన సంపాదకత్వంలోనే 2017 జూన్‌లో ప్రకటితమయ్యాయి. సాహిత్యపాఠాలను గుర్తులతో సంకేతించే టీఈఐ పద్ధతికి 1987లో పునాది పడింది. దానిని అనుసరించిన పరిష్కరణలు పుటలుగా మారడానికి ఎక్కువగా ఆశ్రయించేది ఈ భాషనే.

ఇంటిపేరు గల పొడిగింపు, ఇంటిపేరు లేని పొడిగింపు

పొడిగింపును ప్రమాణకర్తలు దొంగగా చూడలేదు. 1.0 ప్రమాణంలోనే పొడిగింపులకు ఒక విభాగం, అవి లేనిచోట ఏం చేయాలో చెప్పడానికి మరొక విభాగం ఉన్నాయి. సంస్థ తన సౌకర్యానికి తన నేమ్‌స్పేస్ చేర్చాలి. నేమ్‌స్పేస్‌ను ఇంటిపేరు అనుకోవచ్చు. 'నోడ్-సెట్' అనే ఒకే పేరు గల సౌకర్యాలు అనేకం ఉన్నా, ఇంటిపేరును బట్టి ఏది ఎవరిదో తెలిసిపోతుంది. పొడిగింపు మూలకాలను వాడే స్టైల్‌షీట్ ఆ ఇంటిపేర్లను తన మొదట్లోనే ప్రకటించాలి. ఆ సౌకర్యం లేని ప్రాసెసర్ ఎదురైతే చేయవలసిన ప్రత్యామ్నాయాన్ని 'ఫాల్‌బ్యాక్' అనే మూలకంలో రాయవచ్చు. ఒక ఫంక్షన్ ఉన్నదో లేదో 'ఫంక్షన్-అవైలబుల్' అని అడిగి తెలుసుకోవచ్చు. లేని ఫంక్షన్ పేరు స్టైల్‌షీట్‌లో కనిపించినంత మాత్రాన దోషం కాదు, దానిని నిజంగా పిలిచినప్పుడే దోషం. ఈ నియమంలో గొప్ప ఔదార్యం ఉంది. పాఠాంతరాన్ని అధోజ్ఞాపికలో చూపుతూ ప్రధానపాఠాన్ని నిలిపినట్లు, పొడిగింపును ఒక మార్గంగా, ప్రమాణాన్ని మరొక మార్గంగా ఒకే ఫైలులో నిలపడానికి అది వీలు కల్పించింది.

ప్రాసెసర్‌ను దాని తయారీసంస్థ పేరు అడిగి, ఆ పేరును బట్టి దారి మార్చే స్టైల్‌షీట్లు కూడా ఉన్నాయి. ప్రమాణం ఆ పేరు అడిగే సౌకర్యమూ ఇచ్చింది. కాని అది వంశాన్ని బట్టి యోగ్యతను నిర్ణయించడం వంటిది. నేడు లేని సామర్థ్యం ఆ ప్రాసెసర్‌కు రేపు రావచ్చు, నేడున్నది రేపు పోవచ్చు. సామర్థ్యాన్ని అడగడమే సరైన పద్ధతి.

నిజమైన హాని ఇంటిపేరు లేని పొడిగింపువల్ల కలిగింది. 1999 మార్చిలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లోని ప్రాసెసర్, ఇంకా ఖరారు కాని 1998 డిసెంబరు ముసాయిదా ఆధారంగా తయారైంది. చివరి ప్రమాణంలో లేని 'ఆర్డర్-బై' వంటి లక్షణాలు, లిపిఖండాలను నడిపే మూలకాలు అందులో ప్రమాణసంస్థ నేమ్‌స్పేస్ కిందనే చెలామణి అయ్యాయి. అంటే ఇంటిపేరు ప్రమాణానిది, నడవడి సంస్థది. ఆ కాలంలో నేర్చుకున్నవారు తాము రాస్తున్నది ప్రమాణభాష కాదని గ్రహించే ఆధారం ఫైలులో ఏదీ లేదు, నేమ్‌స్పేస్ చిరునామాలోని రెండక్షరాలు తప్ప.

తెలుగువారికి ఈ అనుభవం మరో రూపంలో పరిచితమే. యూనికోడ్ వ్యాప్తికి ముందు అను, శ్రీలిపి మొదలైన ముద్రణ ఫాంట్లలో, దినపత్రికలు అంతర్జాలంలో వాడిన ఫాంట్లలో ప్రతిదానికీ తనదైన అక్షరసంకేతం ఉండేది. ఫైలులో ఉన్నది ఆంగ్లాక్షరాల స్థానాలు, తెరమీద కనిపించేది తెలుగు. ఫాంటు తీసివేస్తే పాఠం అర్థంలేని గుర్తుల కుప్పగా మారేది. 1991 నాటికే ఇస్కి అనే భారతీయ ప్రమాణమూ యూనికోడ్ మొదటి రూపమూ ఉన్నా, మన శాఖలలో సమర్పితమైన ఎన్నో సిద్ధాంతగ్రంథాలు ఆ తరువాత చాలాకాలం ఫాంటు సంకేతాలలోనే తయారయ్యాయి. అది ఏ పేరుతోనూ తనను తాను ప్రకటించుకోని పొడిగింపు. దానిని గుర్తించడానికి పాఠాన్ని చదవడం తప్ప మార్గం లేదు.

నోడ్-సెట్ కథ

పొడిగింపు వాడటం తప్పనిసరి అనిపించే సందర్భం ఒకదానిని వివరంగా పరిశీలిస్తే ప్రమాణవాదంలోని బలమూ లోపమూ రెండూ తెలుస్తాయి. ఒక శతకసంపుటికి పద్యాల సూచిక తయారు చేయాలనుకుందాం. ముందు ప్రతి పద్యపు మొదటి పాదానికి ఒక క్రమసూచిని రూపొందించాలి. తరువాత ఆ సూచినిబట్టి పద్యాలను వరుసపెట్టి, మొదటి అక్షరం ప్రకారం గుంపులు చేయాలి. ఇది సహజంగా రెండు దశల పని. అయితే 1.0 ప్రమాణంలో మొదటి దశ ఫలితాన్ని ఒక చలరాశిలో దాచుకోవచ్చు గాని, ఆ దాచినదానిలోనికి మళ్లీ ప్రవేశించి భాగాలను వెతకడానికి వీలులేదు. దానిని ఉన్నదున్నట్లు నకలు చేయవచ్చు, లేదా ఒక అక్షరమాలగా చూడవచ్చు, అంతే. తానే వండిన వంటను వడ్డించవచ్చు గాని రుచి చూడరాదన్నట్లుంది ఈ నియమం.

ఈ నిషేధాన్ని తొలగించే 'నోడ్-సెట్' ఫంక్షన్‌ను దాదాపు ప్రతి ప్రాసెసర్ చేర్చింది. మైక్రోసాఫ్ట్ వారిది ఒకటి, అపాచీ జాలన్‌ది ఒకటి, శాక్సన్‌ది ఒకటి. విశేషమేమంటే ప్రమాణానికి సంపాదకుడైన జేమ్స్ క్లార్క్ స్వయంగా రాసిన ఎక్స్‌టి అనే ప్రాసెసర్‌లోనూ ఈ పొడిగింపు ఉంది. సూత్రకారుడే తన సూత్రానికి ఆచరణలో మినహాయింపు కల్పించుకున్నప్పుడు ఆ సూత్రం అసంపూర్ణమని వేరొకరు చెప్పనక్కరలేదు. 2000 డిసెంబరులో వెలువడిన 1.1 ముసాయిదా ఈ నిషేధాన్ని ఎత్తివేసింది. అయితే అదే ముసాయిదా ఇతర భాషల లిపిఖండాలను స్టైల్‌షీట్‌లో చేర్చే మూలకాన్ని ప్రమాణంలోకి తేబోగా తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. చివరకు 2001లో ఆ ముసాయిదా మొత్తాన్నీ విరమించారు. అవసరమైన సవరణ, వివాదాస్పదమైన సవరణ ఒకే ముసాయిదాలో ఉండటంవల్ల మొదటిది ప్రమాణంగా స్థిరపడటానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ మధ్యకాలంలో, 2001లో, ప్రాసెసర్ల నిర్మాతలు, వాడుకరులు కొందరు కలిసి ఎక్స్‌ఎస్‌ఎల్‌టి పొడిగింపులకు ఒక ఉమ్మడి ఇంటిపేరు ఏర్పరచారు. ఈఎక్స్‌ఎస్‌ఎల్‌టి అనే ఆ ప్రయత్నం ఏ సంస్థకూ చెందదు, అధికారిక ప్రమాణమూ కాదు. జాలన్, శాక్సన్, లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి వంటివి దానిని స్వీకరించాయి. మైక్రోసాఫ్ట్ ప్రాసెసర్ స్వీకరించలేదు. అప్పుడు కొందరు ఒక చమత్కారం చేశారు. ఆ ప్రాసెసర్‌లో లిపిఖండాలను నడిపే దాని సొంత పొడిగింపును ఉపయోగించి, ఉమ్మడి పేరుగల 'నోడ్-సెట్' ఫంక్షన్‌ను అక్కడ తామే నిర్వచించారు. సంస్థ పొడిగింపు ఉమ్మడి పొడిగింపుకు సేవకుడైంది. అయితే అదే సంస్థ తరువాతి ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్ 6లో భద్రతా కారణాలతో లిపిఖండాలను మొదటి నుంచీ నిలిపివేసి ఉంచింది. కావాలంటే వాడుకరి ప్రత్యేకంగా అనుమతించాలి. పొడిగింపుమీద కట్టిన కట్టడం దాని యజమాని నిర్ణయంతోనే కదిలిపోగలదని ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

మరి ఇందులో పరిష్కర్త ఏమి చేయాలి? రెండు దశలనూ రెండు స్టైల్‌షీట్లుగా విడదీసి, మొదటిదాని ఫలితాన్ని ఒక ఫైలుగా భద్రపరచి, రెండోదానికి దానినే మూలంగా ఇవ్వవచ్చు. ఈ పద్ధతికి ఏ పొడిగింపూ అవసరం లేదు. ప్రోగ్రాం రాసేవారు దీనిని మొరటు పని అంటారు. పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే ఇదే మేలైన పద్ధతి అని నా అభిప్రాయం. మధ్యలో ఏర్పడిన ఫైలు పరిశీలనకు నిలిచే సాక్ష్యం. ఏ పద్యానికి ఏ క్రమసూచి ఏర్పడిందో మరొక పరిశోధకుడు దానిలో చూసి తప్పుపట్టగలడు. 'నోడ్-సెట్' వాడినప్పుడు ఆ దశ ప్రాసెసర్ జ్ఞాపకంలో పుట్టి అక్కడే నశిస్తుంది.

పొడిగింపులన్నీ నశించేవే అని దీని అర్థం కాదు. శాక్సన్‌లో మొదట పొడిగింపులుగా వచ్చినవాటిలో ఫలితాన్ని అనేక ఫైళ్లుగా విభజించడం, స్టైల్‌షీట్‌లోనే ఫంక్షన్ నిర్వచించడం వంటివి 2.0 ప్రమాణంలో వేరే పేర్లతో చేరాయి. నడుస్తుండగా ఏర్పడిన సూత్రాన్ని విలువకట్టే సౌకర్యం 3.0లో చేరింది. మన వ్యాకరణచరిత్రలో బాలవ్యాకరణానికి శేషంగా బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం రచించడం, కాలక్రమంలో రెండూ కలిపి చదవదగినవిగా స్థిరపడటం ఇటువంటిదే. లక్ష్యాన్ని గమనించి చేసిన శేషం లక్షణంలో కలుస్తుంది.

ప్రమాణంలోని బహుళం

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో కార్యాలను నిత్యమని, వైకల్పికమని, బహుళమని వేరుచేసి చెప్పిన విషయం విజ్ఞులకు తెలిసినదే. బహుళమన్నచోట కార్యం ఒకచోట ప్రవర్తిస్తుంది, ఒకచోట ప్రవర్తించదు, ఒకచోట వికల్పిస్తుంది, మరొకచోట వేరొక రూపమే వస్తుంది. అది లక్షణకర్త ప్రయోగానికి వదిలిన చోటు. సాంకేతిక ప్రమాణాలలోనూ ఇటువంటి వ్యవస్థ ఉంది. చేసి తీరాలి, చేయడం మంచిది, చేయవచ్చు అనే మూడు స్థాయిలలో నియమాలుంటాయి. వీటికి తోడు 'అమలుచేసేవారి ఇష్టం' అని విడిచిపెట్టినవి చాలా ఉన్నాయి. ప్రమాణపాటన గురించి మాట్లాడేవారు నిత్యకార్యాలనే చూస్తారు. తెలుగుకు సంబంధించిన కీలకాంశాలు ఎక్కువగా బహుళంలో ఉన్నాయి.

చిన్న ఉదాహరణతో మొదలుపెట్టవచ్చు. పద్యసంఖ్యలను తెలుగు అంకెలలో ఇవ్వాలంటే సంఖ్య వేసే మూలకంలో ఆకృతిగా ౧ అని రాస్తే చాలు. ఒకటి విలువగల ఏ లిపి అంకెనైనా స్వీకరించాలని 1.0 ప్రమాణమే చెప్పింది. కాని ఉపవిభాగాలకు అ, ఆ, ఇ అని వరుస కావాలని ఆకృతిగా అ అని రాస్తే, ఆ వరుస తెలియని ప్రాసెసర్ 1, 2, 3 అనే ఇస్తుంది. అలా ఇవ్వడమే ప్రమాణం. దోషసందేశం రాదు. స్టైల్‌షీట్ ప్రమాణబద్ధం, ప్రాసెసర్ ప్రమాణబద్ధం, పుటమాత్రం పరిష్కర్త కోరినది కాదు.

అకారాది క్రమం దగ్గర ఇది చిన్న సమస్య కాదు. 1.0లోని 'సార్ట్' మూలకానికి భాష పేరు చెప్పే లక్షణం ఉంది. తెలుగు అని చెప్పినా ఆ భాష క్రమాన్ని ప్రాసెసర్ ఎరిగి ఉండాలన్న నిర్బంధం లేదు. ప్రమాణాన్ని పాటించే రెండు ప్రాసెసర్లు ఒకే జాబితాను వేర్వేరుగా పేర్చవచ్చునని ప్రమాణమే ఒప్పుకుంటుంది. తెలుగు క్రమం ఎరుగని ప్రాసెసర్లు అనుసరించేది సాధారణంగా యూనికోడ్ స్థానసంఖ్యల క్రమాన్ని. ఈ క్రమం ఎక్కువచోట్ల మన సంప్రదాయానికి అనుకూలంగానే ఉంది. హల్లుల తరువాత గుణింతపు గుర్తులు, వాటి తరువాత పొల్లు గుర్తు ఉండటంవల్ల క, కా, కి మొదలైనవి అయిన తరువాతనే క్క, క్ష వస్తాయి. నిఘంటువు చూసే అలవాటున్నవారికి ఇందులో వింత కనిపించదు. అందుకే లోపం వెంటనే కంటపడదు.

లోపాలు అంచులలో ఉన్నాయి. ఋకారం స్థానం 3083, ౠకారం స్థానం 3168. హకారం 3129 కనుక, ౠతో మొదలయ్యే మాట హకారాదులన్నింటి తరువాత చేరుతుంది. గుణింతంలో మాత్రం వట్రుసుడి, దాని దీర్ఘం పక్కపక్కనే ఉన్నాయి. అచ్చు ఒకచోట, దాని గుర్తు మరొకచోట. దంత్య ౘ, ౙలు 2008లో యూనికోడ్ 5.1 ద్వారా చేరి 3160, 3161 స్థానాలు పొందాయి. కనుక ౘలి అని శాస్త్రీయంగా రాసిన పరిష్కర్త సూచికలో ఆ మాట హకారాదుల తరువాత కనిపిస్తుంది, చలి అని రాసినవారి సూచికలో చకారాదులలో కనిపిస్తుంది. లిపిలో జాగ్రత్త చూపినవారికే శిక్ష పడుతున్నదన్నమాట.

అన్నింటికంటే ఎక్కువ మాటలను తాకేది అరసున్న. దాని స్థానం 3073, నిండుసున్నది 3074, ఈ రెండూ అచ్చులకన్నా ముందున్నాయి. స్థానసంఖ్యల క్రమంలో ఆఁకలి, ఆంధ్రము, ఆకలి అని వరుస వస్తుంది. ఆఁకలికి, ఆకలికి నడుమ ఆం అని మొదలయ్యే మాటలన్నీ నిలుస్తాయి. ఒకే మాట రెండు లేఖనరూపాలు పుటల దూరంలో పడతాయి. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు వంటివాటిని సంప్రదించేవారికి, షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ నిఘంటువులలో మాటలు వెదికేవారికి, ఒక కావ్యపు పదసూచిక తయారుచేసే పరిశోధకునికి ఇది అలంకారప్రాయమైన విషయం కాదు. అరసున్న ఉన్న రూపాలెన్ని, లేని రూపాలెన్ని అని లెక్కించి భాషాచరిత్రను నిర్ధారించే పరిశోధనలో ఈ దూరం ఫలితాన్నే మార్చివేస్తుంది.

నిండుసున్న సంగతి వేరు. అంక అనే మాటను అకారం వెంటనే చేర్చాలా, వర్గానునాసికంగా భావించి ఙకారపు స్థానంలో చేర్చాలా అన్నది నిఘంటుకర్త నిర్ణయం. రెండు పద్ధతులకూ సమర్థన ఉంది. ఆ నిర్ణయాన్ని ప్రాసెసర్ తయారుచేసినవారికి వదిలిపెట్టడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

తరువాతి ప్రమాణాలు ఈ లోపాన్ని గుర్తించాయి. 2.0లో క్రమపద్ధతికి ఒక చిరునామా ఇచ్చే వీలు కలిగింది, కాని ప్రతి ప్రాసెసర్‌లో తప్పనిసరిగా ఉండవలసింది స్థానసంఖ్యల క్రమం ఒక్కటే. 3.0లో యూనికోడ్ వారి క్రమపద్ధతిని భాష పేరుతో సహా కోరవచ్చు. అందులోనూ ఒక సూక్ష్మం ఉంది. కోరిన క్రమం దొరకనప్పుడు దగ్గరి క్రమంతో సరిపెట్టుకోవచ్చా అని అడిగే 'ఫాల్‌బ్యాక్' గుర్తుకు ఏమీ చెప్పకపోతే 'సరిపెట్టుకోవచ్చు' అనే అర్థం. పరిష్కర్త అక్కడ 'వద్దు' అని రాయాలి. క్రమం తప్పిన సూచికను మౌనంగా ఇవ్వడంకంటే సూచిక ఇవ్వలేనని ఆగిపోవడం మేలు.

ఇక్కడ పొడిగింపు మళ్లీ ఆకర్షిస్తుంది. కొన్ని ప్రాసెసర్లలో జావా భాషలో సొంత క్రమాన్ని రాసి జోడించవచ్చు. అది చక్కగా పనిచేస్తుంది. అయితే అరసున్నను గురించిన పరిష్కర్త నిర్ణయం అప్పుడు స్టైల్‌షీట్‌లోనూ ఉండదు, పాఠంలోనూ ఉండదు, తెలుగు పరిశోధకుడు ఎన్నడూ తెరవని ఒక మూడో ఫైలులో ఉంటుంది. ఈ పొడిగింపుకు నా అభ్యంతరం అది ప్రమాణం కాదని కాదు. అది పరిష్కర్త మాటను పాఠకునికి అందని చోట దాచిపెడుతుంది.

అటు పొడిగింపూ కాక, ఇటు ప్రమాణపు మౌనమూ కాక మరొక మార్గముంది. టీఈఐ పద్ధతిలో నిఘంటువు ఆరోపానికి 'సార్ట్‌కీ' అనే లక్షణాన్ని చేర్చవచ్చు. అంటే ప్రతి మాట పక్కన దాని క్రమసూచిని పాఠంలోనే రాయడం. ఆ సూచిని అంకెలలో రాస్తే ఏ ప్రాసెసరైనా ఒకే విధంగా పేరుస్తుంది. ఉదాహరణకు అచ్చులకు 01 నుంచి 16 వరకు, హల్లులకు 21 నుంచి 55 వరకు రెండేసి అంకెలు ఇచ్చి, హల్లులోని అకారాన్ని కూడా విడిగా లెక్కిస్తే, ఆకలి 02 21 01 49 03 అవుతుంది. ఆఁకలి కూడా అదే అవుతుంది, అరసున్న భేదాన్ని రెండవ సూచికి వదలవచ్చు. ౘలి, చలి రెండూ 26 01 49 03. ౠకారానికి 08 ఇస్తే అది 07 అయిన ఋకారం పక్కన నిలుస్తుంది. నిండుసున్నకు 17 ఇస్తే ఆంధ్రము ఆకలికి ముందు వస్తుంది. దకారధకారాలకు ముందున్న సున్నకు నకారపు సంఖ్య 40 ఇస్తే ఆకలి తరువాత వస్తుంది. నిఘంటుకర్త సిద్ధాంతం మొత్తం ఆ ఒక్క సంఖ్యలో వ్యక్తమవుతుంది. పీఠికలో ఈ పట్టికను ముద్రిస్తే యంత్రం లేనివారు కూడా దానిని విమర్శించగలరు.

అక్షరాల లెక్క

పొడిగింపు అవసరమని తొందరపడి నిర్ణయించే మరొక చోటు ఛందస్సు. ప్రమాణం దృష్టిలో అక్షరమంటే యూనికోడ్ స్థానం. స్త్రీ అనే ఒక్క అక్షరం దాని లెక్కలో ఆరు, మూడు హల్లులు, రెండు పొల్లు గుర్తులు, ఒక గుణింతపు గుర్తు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలున్నాయో లేదో చూడాలనుకున్నవారు ఈ సంఖ్య చూసి 1.0 పనికిరాదని తలచి జావాస్క్రిప్టు లిపిఖండాన్ని ఆశ్రయిస్తారు. అవసరం లేదు. ముందు ఖాళీలను, విరామచిహ్నాలను తొలగించి, గుణింతపు గుర్తులను, సున్నలను, విసర్గను, పొల్లును కూడా తీసివేసి మిగిలినవి లెక్కించి, అందులోనుంచి పొల్లు గుర్తుల సంఖ్యను తీసివేస్తే అక్షరసంఖ్య వస్తుంది. స్త్రీలో మూడు నుంచి రెండు తీసివేస్తే ఒకటి. పొలన్ అన్నప్పుడు చివరి పొల్లు పూర్వాక్షరంతో కలిసిపోతుంది కనుక మూడు నుంచి ఒకటి తీసివేస్తే రెండు, ఇది ఛందశ్శాస్త్రానికీ సమ్మతమే. ఈ పని అంతా 1999 నాటి ప్రమాణంలోని ఒకటి రెండు ఫంక్షన్లతో సాధ్యం. యతిస్థానంలోని పదో అక్షరం ఏదో తేల్చాలంటే మాత్రం లెక్క చాలదు, విభజన కావాలి. దానికి 2.0లోని క్రమసూత్రాలు తగినవి.

అయితే 2.0కు, 3.0కు వెళ్లినంత మాత్రాన సంస్థాధీనత పోతుందనుకోవడం పొరపాటు. ఆ ప్రమాణాలను అమలుచేసే ప్రాసెసర్లు బహు కొద్ది, వాటిలో ఆచరణలో ఎక్కువమంది ఆధారపడేది శాక్సన్. దానిని నిర్మించింది ఆ ప్రమాణాల సంపాదకుడే. ప్రమాణం బహిరంగమైనా దానిని నడిపే యంత్రం దాదాపు ఒక్కటే అయినప్పుడు, పాటించేది ప్రమాణాన్నా ఆ యంత్రాన్నా అన్న ప్రశ్న మిగులుతుంది. బ్రౌజర్లు 1.0ను దాటి ఎన్నడూ రాలేదు. 2025లో క్రోమ్ నిర్మాతలు భద్రతా కారణాలు చూపి ఆ 1.0ను కూడా బ్రౌజర్ నుంచి తొలగించే ఉద్దేశాన్ని ప్రకటించారు. పొడిగింపులు ఒక్కటీ వాడని, ఇరవై ఐదేళ్ల నాటి ప్రమాణాన్ని అక్షరాలా పాటించిన స్టైల్‌షీట్ పాఠకుని బ్రౌజర్‌మీద ఆధారపడి ఉంటే అది కూడా ఆగిపోతుంది. క్రమసూచి పాఠంలోనే ఉన్న పరిష్కరణకు ఈ నష్టం పరిమితం. వేరే భాషలో వేరే ఆదేశాలు రాసుకున్నా అంకెల వరుస మారదు.

విశ్వవిద్యాలయాలలో డిజిటల్ పరిష్కరణను సిద్ధాంతవ్యాసంగా స్వీకరించేటప్పుడు పుటల పీడీఎఫ్ మాత్రమే కాక ఎక్స్‌ఎంఎల్ పాఠాన్ని, స్టైల్‌షీట్లను, మధ్యదశ ఫైళ్లను కూడా కోరడం అవసరం. స్టైల్‌షీట్‌లో వాడిన పొడిగింపుల ఇంటిపేర్లు, అవి లేనప్పుడు ఏమవుతుందో పీఠికలో సంకేతవివరణ పక్కనే చెప్పాలి. సరైన క్రమంలో పేర్చిన ఒక చిన్న పదపట్టికను, అరసున్న, ౠ, ౘ, క్ష ఉన్న మాటలతో, పరీక్షకోసం జతచేస్తే పరీక్షకుడు ఏ ప్రాసెసర్‌లోనైనా నడిపి సరిచూడగలడు.

2021లో యూనికోడ్ 14 నకార పొల్లుకు ప్రత్యేకస్థానం ఇచ్చింది. ప్రాచీన లేఖనాన్ని ఉన్నదున్నట్లు సంకేతించే పరిష్కరణలలో అది ఇక చోటుచేసుకుంటుంది. స్థానసంఖ్యల క్రమంలో దాని సంఖ్య 3165, అంటే అదీ హకారం తరువాతనే. క్రమసూచిలో దానికి నకారపు 40నే ఇచ్చి, లేఖనభేదాన్ని అరసున్న భేదంవలె రెండవ సూచికి వదలడం సులభం. కాని పొల్లును నకారంతో సమానంగా చూడాలా, దాని తరువాత వేరుగా చూడాలా అన్నది వ్రాతప్రతుల లేఖనసంప్రదాయాన్ని పరిశీలించి పరిష్కర్తలు తేల్చవలసిన విషయం.